అద్దె సేన నుంచి యుద్ధ విమానం దాకా: చిన్న దేశం, తటస్థత, రక్షణ ఖర్చు

(సికింద్రాబాద్‌లో చేసిన స్మారక ఉపన్యాసం పూర్తి పాఠం)



ఈ ధర్మనిధిని ఏర్పాటు చేసినవారు రెండే షరతులు పెట్టారు. ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ మాస్టారి పేరు అచ్చులో రాకూడదన్నది మొదటిది. అది ఆయన కోరికే. ఉపన్యాసం ఎక్కడికి వెళ్లినా సికింద్రాబాద్ నుంచే బయల్దేరాలన్నది రెండోది. రాజుల పేర్లు తరవాత చూద్దాం, ఖర్చు ఎవరు పెట్టారో ముందు చెప్పండిరా అని ఆయన తరగతిలో అడిగేవారని శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ సాయంత్రం ఆ ప్రశ్ననే పట్టుకుంటాను.

ఎవరి పక్షానా చేరకుండా బతకదలచిన చిన్న దేశం తన రక్షణకు యుద్ధ విమానాలు కొనుక్కోవాలా? ఇదీ నేటి విషయం. పైకి చూస్తే ఇది స్విట్జర్లాండ్, ఆస్ట్రియా ప్రజలు తేల్చుకోవలసిన సంగతి. నూట నలభై కోట్లు దాటిన జనం, అణ్వాయుధాలు ఉన్న దేశంలో కూర్చుని మనకెందుకీ చర్చ అని మీరు అడగవచ్చు. కాని 1948 సెప్టెంబరు దాకా ఈ నేల కూడా అలాంటి ప్రశ్ననే ఎదుర్కొన్న రాజ్యంలో భాగం. నాలుగు వైపులా భూమి, ఒక్క ఓడరేవు లేదు. సొంత నాణెం, సొంత రైలు, సొంత తపాలా బిళ్ల ఉన్నాయి. విస్తీర్ణం 82,698 చదరపు మైళ్లు, అంటే స్విట్జర్లాండ్‌కు ఐదింతలు. 1941 లెక్కల్లో జనాభా 1 కోటి 63 లక్షలు. దీన్ని చిన్న రాజ్యం అనడానికి నోరు రాదు. కాని చిన్నా పెద్దా అన్నది పొరుగువాడిని బట్టి ఉంటుంది, ఈ రాజ్యానికి చుట్టూ ఉన్న పొరుగు భారతదేశం.

రక్షణ బిల్లు మీద వెలసిన ఊరు

1795లో ఖర్దా దగ్గర నిజాం అలీ ఖాన్ మరాఠాల చేతిలో ఓడిపోయాడు. సాయం చేస్తారనుకున్న ఇంగ్లీషువాళ్లు తాము తటస్థులమని పక్కకు తప్పుకున్నారు. దాంతో ఆయన ఫ్రెంచి సేనాని రేమండ్ నడిపే పటాలాల మీద మరింత ఆధారపడ్డాడు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. ఆ సెప్టెంబరులోనే నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం మీద సంతకం పెట్టాడు. కంపెనీ ఆరు పటాలాలు ఇస్తుంది, నిజాం ఏటా 24 లక్షల రూపాయలకు పైగా చెల్లిస్తాడు, ఫ్రెంచి సేనను రద్దు చేస్తాడు. ఇవాళ్టి మాటల్లో చెబితే ఆయన సరఫరాదారును మార్చాడు. కొత్త సరఫరాదారు పెట్టిన మొదటి షరతు, ఇంకెవరి దగ్గరా కొనకూడదని.

రెండేళ్లకు బిల్లు పెరిగింది. 1800 అక్టోబరు ఒప్పందంలో నగదుకు బదులు భూమి రాసిచ్చాడు. టిప్పు సుల్తాన్ మీద యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలను సేన ఖర్చు కింద కంపెనీకి శాశ్వతంగా వదులుకున్నాడు. అవే దత్త మండలాలు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అని పేరు పెట్టేదాకా ఆ ప్రాంతాన్ని ఆ పేరుతోనే పిలిచారు. ఒక రక్షణ కొనుగోలు బాకీ కింద తెలుగునేలలో మరో ముక్క మద్రాసు కిందికి పోయింది, మిగిలినది హైదరాబాద్ కింద ఉండిపోయింది. ఆ గీత ఇప్పటికీ మన రాజకీయాల్లో కనిపిస్తూనే ఉంది.

ఆ సేనకు బస కావాలి కదా. హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన వెలసిన కంటోన్మెంటుకు 1806లో నాటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అదే మన ఊరు. రెజిమెంటల్ బజార్, తిరుమలగిరి, లాల్ బజార్, కార్ఖానా, బొల్లారం అంటూ మనం రోజూ పలికే పేర్లన్నీ ఆ బిల్లులో ఒక్కో పద్దు. పరాయి సేన తిండికి, గుర్రాలకు, బట్టకు, మరమ్మతుకు పుట్టిన బజార్లివి.

అంతటితో ఆగలేదు. కంపెనీ సేన చాలదన్నట్టు నిజాం ఖర్చుతోనే, బ్రిటిష్ అధికారుల కింద హైదరాబాద్ కంటింజెంట్ అనే మరో సేన తయారైంది. దాని ప్రధాన స్థావరం బొల్లారం. జీతాలు చెల్లించడానికి ఖజానాలో డబ్బు లేక పామర్ కంపెనీ దగ్గర నూటికి పాతిక దాకా వడ్డీకి అప్పులు తెచ్చారు. బాకీ 40 లక్షలు దాటేసరికి, 1853లో నల్లరేగడి పత్తి నేల బేరార్‌ను బ్రిటిష్‌వాళ్లకు అప్పగించవలసి వచ్చింది. దాన్ని తిరిగి రాబట్టడానికి దివాన్ సాలార్‌జంగ్ జీవితమంతా పాటుపడ్డాడు. 1876లో లండన్ దాకా వెళ్లాడు. ఫలితం లేదు. 1902లో వైస్రాయ్ కర్జన్ ఏడాదికి 25 లక్షల కౌలు నిర్ణయించి బేరార్‌ను శాశ్వతంగా తీసుకున్నాడు. నిజాం సొమ్ముతో పెరిగిన ఆ కంటింజెంట్ 1857–58లో పోరాడింది హైదరాబాద్ సరిహద్దుల కోసం కాదు, మధ్య భారతంలో బ్రిటిష్ అధికారం కోసం.

నిజాం పాలకులను అసమర్థులని తీసిపారేయడం సులభం. కాని 1798లో ఆ సంతకం తెలివితక్కువగా కనిపించలేదు. ఒక పక్క మరాఠాలు, ఒక పక్క టిప్పు, తన దగ్గర ఉన్నది ఓడిపోయిన సేన. ఆ స్థితిలో ఎవరైనా అంతే చేస్తారు. పొరపాటు సంతకంలో లేదు. కొన్నదాన్ని అమ్మినవాడి అనుమతి లేకుండా కదిలించలేని స్థితిలో ఉంది. సేన తనది కాదు, అధికారులు తనవాళ్లు కారు, వద్దు పొమ్మనే హక్కు కూడా తనకు లేదు.

ఇతరుల యుద్ధానికి మన విమానాలు

హైదరాబాద్ రాజ్యం యుద్ధ విమానాలు కొన్న మాట వాస్తవం. ఒకసారి కాదు, రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ కొన్నది. కాని ఒక్కటి కూడా తన కోసం కాదు.

1918లో బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్ 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ బాంబర్లు నాటి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విరాళంతో సమకూరాయి. విమానం ఒంటి మీద దాత పేరు రాసి, ఆ సెప్టెంబరులో ఫ్రాన్సుకు పంపారు. అవి పట్టపగలు జర్మన్ పట్టణాల మీద బాంబులు వేసి వచ్చేవి. ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు స్థిరపడింది. అదే ఏడాది నిజాంకు హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ బిరుదు, బ్రిటిష్ ప్రభుత్వ విశ్వాసపాత్ర మిత్రుడనే హోదా దక్కాయి.

రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు, 253వ స్క్వాడ్రన్ హరికేన్లు హైదరాబాద్ పేరు మీదే ఎగిరాయి. 1940 బ్రిటన్ గగనతల యుద్ధంలో ఆ రెండు దళాలూ పాల్గొన్నాయి. 152వ దళం చిహ్నాన్ని దగ్గరగా చూడండి. నడుమ నిజాం ధరించే దస్తారు, కింద విశ్వాసపాత్ర మిత్రుడనే అర్థం వచ్చే రెండు ఇంగ్లీషు మాటలు. ఇంగ్లండు దక్షిణ తీరంలో జర్మన్ విమానాలను వెంటాడిన ఆ కుర్ర పైలట్లు తమ దళం గుర్తుగా మోసింది మన దక్కన్ తలపాగాను. అప్పట్లో విరాళాల లెక్కకు ఒక స్పిట్‌ఫైర్ ధర 5,000 పౌండ్లు అనేవారు.

ఏడేళ్లు తిరిగేసరికి ఆ మిత్రుడు మూటాముల్లె సర్దుకున్నాడు. డొమినియన్ హోదా ఇమ్మని నిజాం అడిగితే బ్రిటన్ ఒప్పుకోలేదు. విశ్వాసం బిరుదు రూపంలోనే మిగిలింది. ఆ విరాళాలు నాజీల ఓటమికి ఉపయోగపడ్డాయి, అందుకు మనం గర్వించవచ్చు. కాని విమానాలు ఇచ్చి సంపాదించిన స్నేహం అవసరానికి అక్కరకు వస్తుందనుకుంటే ఏమవుతుందో కూడా ఈ కథే చెబుతుంది.

1948: తటస్థంగా ఉంటానన్న రాజ్యం

1947 ఆగస్టులో నిజాం మౌంట్‌బాటన్‌కు ఒక ప్రతిపాదన పంపాడు. విలీనం కాను గాని ఒప్పందం చేసుకుంటాను, రక్షణకు సేనలు ఇస్తాను, భారత్ పాకిస్తాన్‌ల మధ్య యుద్ధం వస్తే మాత్రం తటస్థంగా ఉంటాను అన్నది దాని సారం. నవంబరు 29న ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం ప్రకారం భారత సేనలు సికింద్రాబాద్‌ను ఖాళీ చేశాయి. దాదాపు నూట యాభై ఏళ్ల తరవాత ఈ కంటోన్మెంటులో పరాయి పటాలం లేకుండా పోయింది.

తటస్థత కాగితం మీది ప్రకటన కాదు, నడవడిక. హైదరాబాద్ ప్రభుత్వం తన దగ్గరున్న భారత ప్రభుత్వ సెక్యూరిటీల నుంచి పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చింది. ఆ ఒక్క పనితో తటస్థుడన్న మాటకు విలువ పోయింది. ఇక ఆయుధాల వేట మొదలైంది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో బీదర్, వరంగల్ విమాన క్షేత్రాలకు రాత్రిపూట తుపాకులు చేరవేశాడు. ఈ పని మీద తరవాత బ్రిటన్‌లో అతనికి జరిమానా పడింది.

యుద్ధ విమానాలు మాత్రం హైదరాబాద్‌కు లేవు. బేగంపేటలో దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు ఉన్నాయి గాని అవి ప్రయాణికుల విమానాలు. సెప్టెంబరు 13న షోలాపూర్ వైపు నుంచి, విజయవాడ వైపు నుంచి భారత సేనలు కదిలాయి. పుణె నుంచి వచ్చిన టెంపెస్ట్ విమానాలు బీదర్, వరంగల్ క్షేత్రాల మీద దాడి చేశాయి. వాటిని అడ్డుకునేందుకు ఆకాశంలో ఎవరూ లేరు. 16న భద్రతా మండలి హైదరాబాద్ ఫిర్యాదు వినడం మొదలుపెట్టింది. 17న నిజాం చేతులెత్తేశాడు. 18న సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు.

ఒక్క స్క్వాడ్రన్ ఉంటే కథ మరోలా ఉండేదా? ఈ మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. సరే, నిజాం దగ్గర పన్నెండు స్పిట్‌ఫైర్లు ఉన్నాయనే అనుకుందాం. వాటికి విమాన పెట్రోలు కావాలి. అది మద్రాసు రేవులోనో బొంబాయి రేవులోనో దిగి, భారత భూభాగం మీదుగా రైల్లో రావాలి. 1948లో భారత్ తమకు పెట్రోలు, మందులు కూడా రానివ్వడం లేదని హైదరాబాద్ ప్రభుత్వమే మొత్తుకుంటున్నది. విడిభాగాలు బ్రిటన్ నుంచి రావాలి, ఆ బ్రిటనేమో కాటన్‌ను కోర్టుకు ఈడుస్తున్నది. రన్‌వేలు ఎక్కడున్నాయో భారత వాయుసేనకు అణువణువూ తెలుసు. ఆ పన్నెండు విమానాలు రెండో రోజుకు నేల మీదే బూడిదయ్యేవి. అవి కూలేలోగా విజయవాడ మీదనో షోలాపూర్ మీదనో నాలుగు బాంబులు పడి ఉంటే పగ ఇంకెన్ని తరాలు సాగేదో!

అసలు లోటు విమానాలది కాదు. రాజ్యంలో అత్యధిక జనం ఆ స్వతంత్రాన్ని కోరుకోలేదు. స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం చేసింది. నల్లగొండ, వరంగల్ పల్లెల్లో రైతులు వెట్టికి, దొరల గడీలకు ఎదురు తిరిగి 1946 నుంచి ఆయుధాలు పట్టారు. ఆ జనం మీదికి రజాకార్ల ప్రైవేటు సేన విరుచుకుపడింది. భారత్‌తో కలవాలని రాసినందుకు ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఆగస్టులో చంపేశారు. ఆ నెలాఖరుకే భైరాన్‌పల్లి గ్రామం నెత్తురు చూసింది. సేనలు వచ్చాక, ఏ పాపం ఎరుగని ముస్లిం కుటుంబాలు పల్లెపల్లెనా ఆ లెక్క చెల్లించవలసి వచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లోవాళ్లే ఒప్పుకోని స్వాతంత్ర్యానికి ఏ స్క్వాడ్రన్ కాపలా కాయగలదు?

స్విస్ ఓటరు మూడుసార్లు చెప్పిన తీర్పు

ఇప్పుడు పడమటికి వెళదాం. స్విట్జర్లాండ్‌కూ నాలుగు వైపులా భూమే. తేడా ఒక్కటి: అక్కడ విమానం కొనాలంటే ఊరూరా ఓటు అడుగుతారు.

1940లో స్విస్ వాయుసేన దగ్గరున్న మేలైన విమానాలు జర్మనీ అమ్మిన మెసర్‌ష్మిట్ 109లు. ఆ మే, జూన్ నెలల్లో తమ గగనంలోకి చొరబడ్డ జర్మన్ విమానాలను అవే జర్మన్ విమానాలతో కూల్చారు, మొత్తం పదకొండు. బెర్లిన్ మండిపడింది. జూన్‌లో సేనాధిపతి గీసాన్ గగనంలో పోరు ఆపమని ఆజ్ఞాపించాడు. ఈ రెండు పనులూ కలిపి చూడాలి. కూల్చగలిగినందువల్ల పొరుగువాడికి గీత ఎక్కడుందో తెలిసింది. ఆపగలిగినందువల్ల దేశం బతికింది. చిన్న దేశం దగ్గర విమానం చేసే పని ఇంతే: గెలవడం కాదు, గీత చూపించడం.

1961లో వాళ్లు 100 మిరాజ్ విమానాలు కొనాలనుకున్నారు. మూడేళ్లలో ఖర్చు అదుపు తప్పింది. పార్లమెంటు విచారణ సంఘం వేసింది, పెద్ద తలకాయలు పదవులు వదులుకున్నాయి, చివరికి 57 విమానాలు మిగిలాయి. 1993లో కొత్త యుద్ధ విమానాలే వద్దన్న ప్రతిపాదనను 57 శాతం ఓటర్లు తోసిపుచ్చారు. 2014 మే 18న 22 గ్రిపెన్ విమానాల కొనుగోలును 53.4 శాతం కాదన్నారు. 2020 సెప్టెంబరు 27న 600 కోట్ల ఫ్రాంకుల కొనుగోలుకు 50.1 శాతం సరే అన్నారు. తేడా తొమ్మిది వేల ఓట్లు కూడా లేదు.

ఆ 2014లోనే, ఓటుకు మూడు నెలల ముందు ఒక సంఘటన జరిగింది. ఫిబ్రవరి 17న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానం రోమ్ వైపు వెళుతున్నది. కెప్టెన్ బాత్రూముకు వెళ్లగానే సహ పైలట్ కాక్‌పిట్ తలుపు వేసేసి విమానాన్ని జెనీవాకు మళ్లించాడు. ఇటలీ జెట్లు, తరవాత ఫ్రాన్స్ జెట్లు పక్కనే ఎగురుతూ కాపలాగా వచ్చాయి. తెల్లవారుజామున ఆ విమానం జెనీవాలో దిగింది. స్విస్ జెట్లు మాత్రం లేవలేదు. కారణం, వాళ్ల వాయుసేన అప్పట్లో ఆఫీసు వేళల్లోనే పనిచేసేది! లోకం నవ్వుకున్నది. కాని ఓటరు బెదిరిపోలేదు, మూడు నెలల తరవాత గ్రిపెన్‌ను వద్దన్నాడు. ప్రభుత్వం కొత్త విమానాల కోసం ఆగకుండా, ఉన్నవాటితోనే కాపలా వేళలు పెంచుకుంటూ పోయింది. 2020 చివరికల్లా ఇరవై నాలుగు గంటలూ ఆయుధాలతో రెండు జెట్లు సిద్ధంగా ఉండే ఏర్పాటు పూర్తయింది. చేతిలో ఉన్నదాన్ని వాడుకోకుండా కొత్తది కొనడం అనవసరమని ఓటరే ముందు గ్రహించాడు.

ఆ తరవాతి మలుపు అంత బాగా లేదు. 2021లో ప్రభుత్వం అమెరికా ఎఫ్-35ను ఎంచుకున్నది, 36 విమానాలు. దీనికి వ్యతిరేకంగా జనం సంతకాలు సేకరించారు. ఓటింగు జరగకముందే 2022 సెప్టెంబరులో ఒప్పందం మీద సంతకాలు అయిపోయాయి. ధర స్థిరమని స్విస్ ప్రభుత్వం చెబుతూ వచ్చింది. 2025లో అమెరికా అదేం లేదన్నది. అదనపు భారం 65 కోట్ల నుంచి 130 కోట్ల ఫ్రాంకుల దాకా ఉండవచ్చని స్విస్ ప్రభుత్వమే ప్రకటించింది. 1798 చదివినవాళ్లకు ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు.

స్విస్ ప్రజలను కేవలం బాధితులుగా చూడటం కూడా పొరపాటే. వాళ్లు అమ్ముతారు కూడా. మన దుండిగల్ వాయుసేన అకాడమీలో 2013 నుంచి శిక్షణకు వాడుతున్న పీసీ-7 విమానాలు స్విస్ పిలాటస్ కంపెనీవి. 2012లో మన ప్రభుత్వం 75 కొన్నది. అల్వాల్, బోయినపల్లి వైపు ఉండేవాళ్లు పొద్దున్నే వినే ప్రొపెల్లర్ మోత ఆ తటస్థ దేశానిదే. 2022లో జర్మనీ తన దగ్గరున్న స్విస్ తయారీ తూటాలను ఉక్రెయిన్‌కు ఇస్తానంటే స్విట్జర్లాండ్ వీల్లేదన్నది. తటస్థతకు అది సరైనదే కావచ్చు. కొన్నవాడి వైపు నుంచి చూస్తే, డబ్బు కట్టి తెచ్చుకున్న తూటా కూడా పూర్తిగా తనది కాదని తేలింది.

ఏనుగు, అంకుశం

అమ్మినవాడి తాళం ఎప్పుడూ కాగితం మీదే ఉండదు. ఒక్కోసారి కొన్నవాడే తాళం చెవి కొనడం మరిచిపోతాడు. ఆర్మేనియా సంగతి చూడండి. ముప్పై లక్షల జనం ఉన్న దేశం. తటస్థ దేశం కాదు గాని చిన్నది, సముద్రం లేనిది. 2019 చివర రష్యా నుంచి నాలుగు సుఖోయ్-30 విమానాలు తెచ్చుకున్నది. 2020 శరత్కాలంలో అజర్‌బైజాన్‌తో యుద్ధం వచ్చింది. డ్రోన్లు ఆర్మేనియా ట్యాంకులను, ఫిరంగులను ఏరివేస్తుంటే ఆ నాలుగు విమానాలు యుద్ధంలోకి దిగలేదు. వాటికి క్షిపణులు కొనలేదని ప్రధాని పాషిన్యాన్ తరవాత బహిరంగంగానే ఒప్పుకున్నాడు. ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టయింది.

ఓడిన తరవాత ఆర్మేనియా వచ్చింది ఎక్కడికో తెలుసా? మన దగ్గరికే. నేల మీద నుంచి పాతిక కిలోమీటర్ల దాకా విమానాలను కొట్టగల ఆకాశ్ క్షిపణి వ్యవస్థను కొనుక్కున్నది. దాన్ని తయారు చేసేది 1970లో హైదరాబాద్‌లో ఏర్పడిన భారత్ డైనమిక్స్. చిన్న దేశం వేసే లెక్క ఇందులో స్పష్టంగా ఉంది. క్షిపణి బండికి రన్‌వే అక్కర్లేదు, చెట్ల కింద దాచవచ్చు, పొరుగు దేశం మీదికి వెళ్లి బాంబు వేయలేదు కనుక ఎవరినీ రెచ్చగొట్టదు.

అయితే క్షిపణి చేయలేని పని ఒకటుంది. దారి తప్పిన ప్రయాణికుల విమానం పక్కకు వెళ్లి, పైలట్ ముఖం చూసి, రెక్క ఊపి, దారి చూపలేదు. దానికి తెలిసింది కొట్టడమో ఊరుకోవడమో. జెనీవాకు వచ్చిన విమానంలో రెండు వందల మంది ఉన్నారు. అలాంటి రోజున జెట్టే కావాలి. అలాగని జెట్టు ఒక్కటే ఉన్నా చాలదు. ఆస్ట్రియాను తిరిగి స్వతంత్ర దేశం చేసిన 1955 ఒప్పందం దానికి క్షిపణులను నిషేధించింది. 1991లో స్లొవేనియా యుద్ధ సమయంలో యుగోస్లావ్ మిగ్ విమానం గ్రాజ్ మీదికి వచ్చేనాటికి ఆస్ట్రియా డ్రాకెన్ విమానాలకు ఫిరంగులే గాని క్షిపణులు లేవు. 1993 దాకా వాటికి క్షిపణులు అమర్చలేదు.

కొనాలా, వద్దా

అటూ ఇటూ వినిపించే వాదనలు నాకు తెలుసు. కోస్టారికా 1948 డిసెంబరులో సైన్యాన్నే రద్దు చేసి హాయిగా ఉందంటారు ఒకరు. నిజమే, కాని దానికి అమెరికా ఖండ దేశాల పరస్పర రక్షణ ఒప్పందం వెన్నుదన్నుగా ఉంది. ఐర్లండుకు ఫైటర్ జెట్లు లేవు, కాని చుట్టూ సముద్రం, పక్కన బ్రిటన్ ఉన్నాయి. అందరికీ ఆ భూగోళం దొరకదు. బలమైన వాయుసేన ఉంటేనే తటస్థత నిలుస్తుందంటారు ఇంకొకరు. ఐరోపాలో తటస్థంగా ఉన్నవాటిలో గట్టి వాయుసేనలు ఉన్న ఫిన్లాండ్, స్వీడన్ 2023, 2024ల్లో నాటోలో చేరిపోయాయి. స్వీడన్ అయితే సొంతంగా గ్రిపెన్ తయారు చేస్తుంది. ఆ గ్రిపెన్‌లో తిరిగే ఇంజిన్ అమెరికా ఎఫ్-404కు తోబుట్టువు. ఆ కుటుంబం ఇంజిన్ కోసమే మన తేజస్ విమానాలు కూడా బెంగళూరులో ఎదురుచూడవలసి వచ్చింది. పెద్ద దేశానికే ఇలా ఉంటే చిన్న దేశం సంగతి చెప్పేదేముంది.

కాబట్టి నా జవాబు ఇది. కొనాలి. యుద్ధానికి కాదు, కాపలాకు కొనాలి. ఇరవై నాలుగు గంటలూ రెండు విమానాలు లేవగలిగేటన్ని కొనాలి. క్షిపణులు, విడిభాగాలు, నెలలపాటు సరిపడే ఇంధన నిల్వ, పైలట్ల శిక్షణ కలిపి ఒకే బిల్లుగా చూసి, ఆ మొత్తం భరించగలిగితేనే కొనాలి. భరించలేకపోతే రాడార్లు, నేల మీది క్షిపణులు కొనుక్కుని ఊరుకోవడం మేలు. అమ్మినవాడు అలిగిన రోజున ఎన్నాళ్లు సొంతంగా ఎగరగలమో సంతకానికి ముందే లెక్కగట్టాలి. విమానం పేరు, దేశం పేరు, ధర జనం ముందు పెట్టి ఓటు అడగాలి. 2020లో స్విస్ ప్రభుత్వం పేరు చెప్పకుండా ఓటు అడిగింది, ఐదేళ్లకు ఆ దాపరికానికి ధర కట్టవలసి వచ్చింది. ఇక జనమే ఆ రాజ్యాన్ని తమదనుకోనప్పుడు ఒక్క తూటా కూడా కొనకూడదు. ముందు జనంతో రాజీ పడాలి. నిజాం కథ నేర్పేది అదే.

కొనేవాళ్లకు చెప్పవలసింది అయింది. అమ్మేవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఆ వరసలో మనమున్నాం. ఆదిభట్లలో ఎఫ్-16 రెక్కలు, అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. రఫేల్ ఫ్యూజలాజ్‌లను హైదరాబాద్‌లో తయారు చేస్తామని 2025 జూన్‌లో దసో, టాటా ప్రకటించాయి. క్షిపణులు ఎప్పటినుంచో మనవే. ఈ ఊళ్లో వేలాది ఇళ్లలో పొయ్యి రక్షణ జీతంతోనే వెలుగుతున్నది. మా ఇంటా అంతే. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. కాని రేపు ఏ చిన్న దేశమో మన దగ్గర ఆకాశ్ కొంటే, విడిభాగాలు ఆపి దాని విదేశాంగ విధానం మార్చాలని మనం చూడకూడదు. మరమ్మతు నేర్పాలి, ధర ముందే తేల్చాలి, ఇంకొకరి దగ్గర కొనవద్దనే షరతు పెట్టకూడదు. 1798లో మన రాజ్యానికి అమ్మినవాడు ఈ మూడింటిలో ఒక్కటీ పాటించలేదు. అతని వ్యాపార పద్ధతి మనకు కంఠతా వచ్చు. దాన్ని ఇంకొకరి మీద ప్రయోగించకపోవడమే ఆ చరిత్ర చదువుకున్నందుకు మనం చూపగలిగిన ఫలితం.

ప్రశ్నలు అడగండి, ముఖ్యంగా ఖర్చు గురించి.